ముల్లు చెప్పేది ఒకటి, రాయి చెప్పేది ఒకటి
కరెంటు లారీల మైలేజీ లెక్కలో ఒక చిన్న చిక్కుముడి

మా హోసూరు వైపు తెలుగిళ్లలో లారీతో సంబంధం లేని బంధువర్గం అరుదు. ఒకరు యజమాని అయితే మరొకరు డ్రైవరు, ఒకరిది టైర్ల కొట్టయితే ఇంకొకరిది బాడీ కట్టే షెడ్డు. మా అక్క కొడుకు డ్రైవరు. ఇరవై ఏళ్లు డీజిలు బండి తోలినవాడు, ఏడాదిన్నర క్రితం కరెంటు లారీకి మారాడు. హోసూరు నుంచి రాణిపేట అవతల ఉన్న గోడౌనుకి సరుకు చేరవేసి, మళ్లీ అక్కడి సరుకుతో తిరిగి రావడం అతని పని. పోనూ రానూ 400 కిలోమీటర్లు.

మొన్నామధ్య ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి, కాఫీ కూడా తాగకుండా కూర్చున్నాడు.

"మామా, నాకు కరెంటు దొంగ అని పేరు పడిపాయ" అన్నాడు.

సంగతేమిటంటే, వాళ్ల కంపెనీలో జీతం కాక మైలేజీ బత్తా అని ఒకటి ఉంది. కిలోమీటరుకి 1.20 యూనిట్ల లోపు కరెంటుతో బండి నడిపినవాడికి నెలాఖరున ఆ బత్తా వస్తుంది. ఏడాది పైగా మావాడికి ఒక్క నెల కూడా తప్పలేదు. కూతురి కాలేజీ ఫీజు ఆ డబ్బుతోనే గడుస్తోంది. అలాంటిది వరసగా రెండు నెలలు తప్పింది. లెక్క 1.24 దగ్గర తేలింది. "బండి బాగా తొక్కుతున్నారు" అని మేనేజరు మందలించాడట. మిగతా డ్రైవర్ల ముందు తలవంపులయిందని మావాడి బాధ.

"ఈ రెండు నెలల్లో ఏం మారింది అల్లుడూ?"

"ఏమీ మారలే మామా. అదే రోడ్డు, అదే లోడు, అదే నేను. ఆ... టైర్లు మార్చినారు. ముందువీ వెనకవీ అన్నీ కొత్తవే."

ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ చివరి మాట దగ్గర నా చెవి నిలబడింది. ట్రిప్పు షీట్లు తెచ్చి చూపించమన్నాను. ఆ షీట్లలో ఏం దొరికిందో చెప్పే ముందు, ఈ కరెంటు బళ్ల లెక్క ఏమిటో కొంచెం చూద్దాం.

ఇస్త్రీపెట్టె, నలభై టన్నుల లారీ

కరెంటు లారీ మైలేజీని కిలోమీటరుకి ఇన్ని కిలోవాట్ అవర్లు అని చెబుతారు. పేరు చూసి బెదరనక్కర్లేదు. కిలోవాట్ అవర్ అంటే మన ఇంటి మీటరులో తిరిగే యూనిట్టే. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు కాలితే ఒక యూనిట్టు ఖర్చవుతుంది. అటూఇటూగా ఆ ఒక్క యూనిట్టుతోనే నలభై టన్నుల లారీ ఒక కిలోమీటరు నడుస్తుందంటే మొదట నేనూ నమ్మలేదు.

డీజిలుతో పోల్చి చూడండి. ఒక లీటరు డీజిలులో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. అంత బరువు లారీ లీటరుకి 3.5 కిలోమీటర్లు ఇచ్చిందనుకుంటే, కిలోమీటరుకి 2.9 యూనిట్ల దాకా ఖర్చన్నమాట. అందులో సగానికి పైగా పొగగొట్టంలోంచీ రేడియేటరులోంచీ వేడిగా పోతుంది. కరెంటు మోటారుకి ఆ వృథా లేదు. తీసుకున్న దానిలో తొంభై పాళ్లకు పైగా చక్రానికి అందిస్తుంది. అయితే ఆ కరెంటు బొగ్గు మండించి తీసిందైతే, వేడి వృథా లారీలో కాకుండా కరెంటు ప్లాంటులో జరుగుతుంది. అది మరిచిపోకూడదు.

కంపెనీల మాట, రోడ్డు మాట

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. కొత్త బండి గురించి కంపెనీలు చెప్పే మైలేజీ ఎప్పుడూ అనుమానించదగ్గదే. అయితే కరెంటు లారీల విషయంలో రోడ్డు మీద తీసిన లెక్కలు కొన్ని బయటికొచ్చాయి.

2022 జనవరిలో జర్మనీకి చెందిన పత్రికారచయిత యాన్ బుర్గ్‌డార్ఫ్ వోల్వో ఎఫ్‌హెచ్ ఎలక్ట్రిక్ లారీని 40 టన్నుల బరువుతో 343 కిలోమీటర్ల దారిలో నడిపి చూశాడు. సగటు వేగం గంటకు 80 కిలోమీటర్లు. ఖర్చు కిలోమీటరుకి 1.1 యూనిట్లు. 2024లో మెర్సిడెస్ సంస్థ తన ఈయాక్ట్రోస్ 600 లారీలను యూరప్ ఉత్తర కొస నుంచి స్పెయిన్ దక్షిణ కొస దాకా, 22 దేశాల్లో, 15,000 కిలోమీటర్లకు పైగా తిప్పింది. అదీ 40 టన్నుల బరువుతోనే. సగటున 100 కిలోమీటర్లకు 103 యూనిట్లు తేలింది. అమెరికాలో 2017లో టెస్లా తన సెమీ లారీని ప్రకటించినప్పుడు మైలుకి 2 యూనిట్ల లోపే అంది. చాలామంది నవ్వారు. 2024లో డీహెచ్‌ఎల్ సంస్థ కాలిఫోర్నియాలో ఆ లారీని మూడు వేల మైళ్లు నడిపి చూస్తే మైలుకి 1.72 వచ్చింది. మన లెక్కలో కిలోమీటరుకి 1.07 యూనిట్లు.

మూడు దేశాల కంపెనీలు, మూడు రకాల రోడ్లు. లెక్కలన్నీ 1.03కీ 1.10కీ మధ్యనే ఉన్నాయి. దీన్నిబట్టి ఒకటి చెప్పవచ్చు. ఆధునికమైన బండి, నున్నని రోడ్డు, 40 టన్నుల బరువు, 80 వేగం ఉంటే ఒక యూనిట్టు పైచిలుకు అవుతుంది. మావాడి కంపెనీ పెట్టిన 1.20 హద్దు అన్యాయమైనది కాదు.

వీటన్నిటికీ భిన్నమైన లెక్క ఒకటుంది. 2021లో ఫ్యూచురికమ్ అనే స్విస్ సంస్థ వారి 19 టన్నుల లారీ, 680 యూనిట్ల బ్యాటరీతో, ఒక్క చార్జింగుతో 1,099 కిలోమీటర్లు నడిచి గిన్నిస్ పుస్తకానికెక్కింది. కిలోమీటరుకి 0.62 యూనిట్లే! కిటుకు ఏమిటంటే, అది జర్మనీలో ఒక టైర్ల కంపెనీ పరీక్షా మైదానంలో, గంటకు సగటున 50 కిలోమీటర్ల వేగంతో, 23 గంటలు గుండ్రంగా తిరిగింది. బరువూ తక్కువే, వేగమూ తక్కువే. ఎవరైనా "మా బండి వెయ్యి కిలోమీటర్లు పోతుంది" అంటే, ఏ బరువుతో, ఏ వేగంతో అని అడగాలి.

కరెంటు ఎక్కడికి పోతోంది?

లారీ మోటారు ముఖ్యంగా మూడింటికి కప్పం కడుతుంది. టైర్లకి, గాలికి, ఎత్తుకి.

టైరు నేలమీద అణిగి మళ్లీ లేస్తూ దొర్లుతుంది. ఆ అణగడంలో కొంత శక్తి వేడిగా మారిపోతుంది. 40 టన్నుల లారీకి మంచి టైర్లుంటే ఇది కిలోమీటరుకి సుమారు 0.65 యూనిట్లు. వేగం పెరిగినా తగ్గినా ఇది పెద్దగా మారదు.

గాలి అలా కాదు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. మామూలు పెట్టె ఆకారపు లారీకి మోటుగా లెక్క వేస్తే, గంటకు 40 కిలోమీటర్ల దగ్గర గాలి కప్పం 0.12 యూనిట్లు, 60 దగ్గర 0.28, 80 దగ్గర 0.5. అంటే 80లో పోయేవాడు 60కి దిగితే మొత్తం ఖర్చులో దాదాపు ఐదో వంతు మిగులుతుంది. ఏ కొత్త యంత్రమూ అక్కర్లేదు. కాలు కొంచెం తేలిక చేస్తే చాలు.

ఇక ఎత్తు. మన రోడ్డు మీదే చూద్దాం. చెన్నై సముద్రం ఒడ్డున ఉంది. బెంగుళూరు సముద్ర మట్టానికి 920 మీటర్ల ఎత్తున ఉంది. నలభై టన్నులను అంత ఎత్తుకి చేర్చడానికి, టైర్లూ గాలీ కాక, విడిగా ఎంత శక్తి కావాలి? లెక్క వేస్తే సరిగ్గా 100 యూనిట్లు తేలింది! మధ్య దూరం 350 కిలోమీటర్లు. అంటే ఎక్కేటప్పుడు కిలోమీటరుకి దాదాపు 0.3 యూనిట్లు అదనం. దిగేటప్పుడు ఇంచుమించు అంత ఆదా. అదే బండి, అదే డ్రైవరు, అదే బరువు అయినా చెన్నై వైపు పోతూ 0.9 చూపించి, బెంగుళూరు వైపు వస్తూ 1.5 చూపిస్తుంది. ఒకవైపు ప్రయాణం లెక్క చూపించి బండి గొప్పదనో చెడ్డదనో ఎవరైనా చెబితే నమ్మకండి. పోనూ రానూ కలిపిన లెక్కే లెక్క.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు కరెంటు లారీ మోటారు జనరేటరుగా మారి బ్యాటరీని నింపుతుంది. డీజిలు బండిలో బ్రేకు లైనర్లు కాలిపోయే చోట ఇక్కడ కరెంటు పుడుతుంది. కానీ పోయిందంతా తిరిగి రాదు. టోల్‌గేటు లాగ పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ మోటారూ బ్యాటరీ తమ సుంకం తాము తీసుకుంటాయి. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా ఉంది. ఘాట్ పైభాగంలో బ్యాటరీని నిండుగా చార్జి చేసుకుని దిగడం మొదలుపెడితే, పుట్టిన కరెంటు పెట్టుకోవడానికి చోటుండదు. మోటారు బ్రేకు బలహీనమవుతుంది. ధర్మపురి, సేలం మధ్య తొప్పూరు ఘాట్ సంగతి మా వైపు వారికి తెలిసిందే. డీజిలు మిగులుతుందని బండిని న్యూట్రల్‌లో వదిలే పాడు అలవాటు అక్కడ ఎన్ని ప్రాణాలు తీసిందో చెప్పక్కర్లేదు. కరెంటు లారీలో న్యూట్రల్‌లో వదిలితే ప్రాణానికి ముప్పు సరే, పుట్టాల్సిన కరెంటు కూడా పోతుంది.

ముల్లు ఎందుకు ఎక్కువ చెబుతుంది?

ఇప్పటి బళ్లలో ముల్లు ఎక్కడిది, అంతా అంకెలే అనకండి. మాకు ముల్లు అనే అలవాటు.

1902లో జర్మనీలో ఒట్టో షుల్జ్ అనే ఆయన స్పీడోమీటరుకి పేటెంటు తీసుకున్నాడు. చక్రం నుంచి వచ్చే తీగ ఒక అయస్కాంతాన్ని తిప్పితే, దాని ఈడ్పుకి పక్కనున్న లోహపు గిన్నె కొంచెం తిరిగి ముల్లుని జరుపుతుంది. మా బావగారి కాలం లారీలన్నిటిలో ఇదే పద్ధతి. ఇప్పుడు తీగ పోయి సెన్సరు వచ్చింది. అయినా మూలసూత్రం మారలేదు. బండి నేలను కొలవదు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో మాత్రమే లెక్కపెడుతుంది. ఆ సంఖ్యని ఒక చుట్టుకొలతతో హెచ్చవేస్తుంది. ఆ చుట్టుకొలత ఎవరో ముందుగా బండి కంప్యూటరులో రాసిపెట్టినది.

దీనికి చట్టం ఒక విచిత్రమైన నియమం పెట్టింది. యూరప్ దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం, స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ ఎన్నడూ చూపకూడదు. ఎక్కువ చూపవచ్చు. ఎంత వరకు? అసలు వేగంలో పదో వంతు, దానిపైన ఇంకో 4 కిలోమీటర్లు. అంటే బండి నిజంగా 60లో పోతుంటే మీటరు 60 చూపినా సరే, 70 చూపినా సరే. తక్కువ చూపిస్తే డ్రైవరు తెలియక వేగం మీరి ప్రమాదంలో పడతాడు కాబట్టి, తప్పు ఎప్పుడూ భద్రత వైపే ఉండాలన్నది ఆలోచన. టైరు కొత్తదైనా పాతదైనా హద్దు దాటకుండా ఉండేందుకు తయారీదారులు కావాలనే కొంచెం ఎక్కువ చూపించేలా అమర్చుతారు. అమెరికాలో బరువు లారీల నియమం వేరు. గంటకు 50 మైళ్ల దగ్గర 5 మైళ్లు అటైనా ఇటైనా తేడా ఉండవచ్చు.

దీనికీ మైలేజీకీ ఏమిటి సంబంధం? మీటరు 80 చూపుతున్న రెండు లారీలను తీసుకోండి. రెండూ యూరప్ నియమం ప్రకారం సక్రమమైనవే. కానీ ఒకటి నిజంగా 80లో పోతుండవచ్చు, రెండోది 69లోనే పోతుండవచ్చు. గాలి కప్పం లెక్క గుర్తు తెచ్చుకోండి. ఆ రెండింటి మధ్య కరెంటు ఖర్చులో పదో వంతు పైగా తేడా వస్తుంది. ఇద్దరు డ్రైవర్లూ "నేను 80లోనే తోలాను" అని ప్రమాణం చేస్తారు. ఇద్దరూ నిజమే చెబుతారు. ఒకడికి బత్తా వస్తుంది, ఇంకొకడికి రాదు.

ఇంకో మాట. వేగం చూపే ముల్లు వేరు, దూరం చూపే అంకెలు వేరు. రెండింటికీ చక్రమే ఆధారమైనా, ముల్లుకి చట్టం కోసం కొంచెం కలిపి చూపిస్తారు. దూరానికి మామూలుగా అలా కలపరు. కాబట్టి ముల్లు ఎక్కువ చెబుతోంది కనుక కిలోమీటర్లు కూడా ఎక్కువే తిరుగుతున్నాయని అనుకోకూడదు.

పురికొసతో కొలత

ఇక మావాడి ట్రిప్పు షీట్లకి వద్దాం. టైర్లు మార్చక ముందు, పోనూ రానూ ఒక ట్రిప్పుకి మీటరులో 404 కిలోమీటర్లు, కరెంటు 480 యూనిట్లు. భాగిస్తే 1.19. మార్చిన తరవాత అదే ట్రిప్పుకి 394 కిలోమీటర్లు, 490 యూనిట్లు. భాగిస్తే 1.24.

"అల్లుడూ, కరెంటు సంగతి తరవాత. హోసూరు నుంచి రాణిపేట రోడ్డు పది కిలోమీటర్లు ఎట్లా కుదించుకుపోయింది?" అన్నాను.

మావాడు షీట్ల వంక చూశాడు, నా వంక చూశాడు. ఏడాదిగా రాస్తున్నా ఆ కాయితాల్లో ఆ అంకె అతని కంటపడలేదు. అతనికే కాదు, ఆఫీసులో ఎవరికీ పడలేదు. అందరూ చివరి గడిలో ఉన్న 1.24నే చూశారు.

ఇద్దరం కంపెనీ షెడ్డుకి వెళ్లాం. విప్పిన పాత టైర్లు రీట్రెడింగుకి పంపడానికి ఒక మూల పేర్చి ఉన్నాయి. ఇంట్లోంచి తీసుకెళ్లిన పురికొసని పాత టైరు చుట్టూ బిగించి కొలిచాను. 3 మీటర్ల 20 సెంటీమీటర్లు. కొత్తగా ఉన్న స్టెప్నీ చుట్టూ కొలిచాను. 3 మీటర్ల 28. అదే సైజు టైరు. తేడా ఎక్కడిదంటే, కొత్త టైరు మీదున్న గాడుల లోతు పాతదాంట్లో ఒక సెంటీమీటరు పైగా అరిగిపోయింది. అరిగినకొద్దీ చక్రం చిన్నదవుతుంది. చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది. బండి కంప్యూటరు మాత్రం చుట్టుకొలత మారలేదనే అనుకుంటుంది. అందుకని అరిగిన టైర్లతో 404, కొత్త టైర్లతో 394. అసలు రోడ్డు రెండింటికీ మధ్యన, 400.

ఇప్పుడు అసలు కిటుకు చూడండి. కొత్త టైర్లు వేశాక మావాడు ఒక్క యూనిట్టు కూడా ఎక్కువ వాడకుండా, అదే 480తో ట్రిప్పు ముగించాడనుకోండి. 480ని 394తో భాగిస్తే 1.218. అంటే ఏ తప్పూ చేయకపోయినా బత్తా పోయేదే!

మరి ఆ పది యూనిట్లు నిజంగానే ఎక్కువ అయ్యాయి కదా అని మీరడగవచ్చు. దానికీ కారణాలున్నాయి. లోతైన గాడులున్న కొత్త టైరు, అరిగిన టైరు కన్నా ఎక్కువ అణుగుతుంది. కాబట్టి దొర్లడానికి ఎక్కువ శక్తి తీసుకుంటుంది. కొన్ని వేల కిలోమీటర్లు నడిచాక ఇది తగ్గుతూ వస్తుంది. రెండోది, ముల్లు అదే చోట నిలిపి తోలినా, పెద్ద చక్రంతో బండి నిజానికి రెండున్నర శాతం వేగంగా పోతోంది. గాలి కప్పం ఐదు శాతం పెరుగుతుంది. మావాడు కాలు కదపలేదు. చక్రమే మారింది.

కిలోమీటరు రాళ్ల పరీక్ష

పురికొస కొలతతో నా మనసు ఊరుకోలేదు. వేలూరులో పని పడితే, మేనేజరు గారిని అడిగి మావాడి బండిలోనే ఎక్కాను. క్రిష్ణగిరి దాటాక రోడ్డు ఖాళీగా ఉన్నచోట ముల్లుని 60 దగ్గర కదలకుండా పట్టమన్నాను. నేను చేతిగడియారం పట్టుకుని కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టాను. నిజంగా 60లో పోతే పది రాళ్లకి సరిగ్గా పది నిమిషాలు పట్టాలి. పట్టింది 10 నిమిషాల 36 సెకన్లు. అంటే అసలు వేగం 56.6. ముల్లు మూడున్నర కిలోమీటర్లు ఎక్కువ చెబుతోంది. అదే పది రాళ్ల మధ్య దూరం అంకె మాత్రం పది కిలోమీటర్లు నిండలేదు. ముల్లు ఎక్కువ చెప్పింది, అంకె తక్కువ చెప్పింది. రెండూ ఒకే బండిలో, ఒకే సమయంలో!

ఈ పరీక్ష మీరూ చేయవచ్చు. సెలవుల్లో కారులో ఊరెళ్లేటప్పుడు పిల్లలకి అప్పగించండి. తోలేవారు మాత్రం రోడ్డునే చూడాలి, లెక్క పక్కవారిదే. ఒక కిలోమీటరుకి పట్టిన సెకన్లతో 3,600ని భాగిస్తే అసలు వేగం వస్తుంది. రోడ్డు వెడల్పు చేసిన చోట్ల ఒకటి రెండు రాళ్లు అటూఇటూ ఉంటాయి కనుక, కనీసం పది రాళ్లు లెక్క పెట్టి సగటు తీయండి. సెల్‌ఫోనులో ఉపగ్రహాల ఆధారంగా వేగం చూపేవి ఉన్నాయి. తిన్నని రోడ్డు మీద నిలకడగా పోతున్నప్పుడు అవీ నమ్మదగినవే.

ఆఫీసులో

మేనేజరు గారు మంచివారే. తమిళులు. మా కాయితం ఓపికగా చదివారు. "సార్, ఇన్నాళ్లూ మేము టైరు గురించి ఆలోచించనేలేదు" అన్నారు. బండికి బిగించిన జీపీఎస్ పెట్టె లెక్కలు అప్పటికప్పుడు తీయించి చూశారు. టైర్లు మార్చక ముందూ 400, మార్చాకా 400. ఇన్నాళ్లూ ఆ లెక్క వాళ్ల కంప్యూటరులోనే ఉంది. తెరిచి చూసినవారు లేరు.

ఆ నెల నుంచి పద్ధతి మార్చారు. దూరానికి జీపీఎస్ లెక్క తీసుకుంటున్నారు. టైర్లు మార్చినప్పుడల్లా సర్వీసువారి చేత చుట్టుకొలత అంకె సరిచేయిస్తున్నారు. కొత్త టైర్ల మొదటి రెండు నెలలకి హద్దు కొంచెం సడలించారు. యూరప్‌లో ఈ ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. అక్కడి లారీల్లో టాకోగ్రాఫ్ అనే యంత్రం తప్పనిసరి. రెండేళ్లకొకసారి టైరు చుట్టుకొలతతో సహా సరిచూసి సీలు వేస్తారు. అమర్చినప్పుడు దూరంలో తప్పు 2 శాతానికి మించకూడదు, వాడకంలో 4 శాతానికి మించకూడదు.

కొనేవారికి నాలుగు మాటలు

కేంద్రప్రభుత్వం 2024లో మొదలుపెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో 500 కోట్ల రూపాయలు కరెంటు లారీలకి కేటాయించారు. 2025 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం దాదాపు 5,600 లారీలకి సహాయం అందుతుంది. బండికి గరిష్ఠంగా 9 లక్షల 60 వేలు. పాత బండిని తుక్కుకి ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలి. బ్యాటరీకి ఐదేళ్లు లేదా 5 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది, తయారీదారు హామీ ఇవ్వాలి. మన బంధువుల్లో ఈ ఆలోచనలో ఉన్నవారు ఉంటారు కనుక ఈ మాటలు.

మొదటిది, ఆ 5 లక్షల కిలోమీటర్లు ఏ మీటరువి? అరిగిన టైర్లతో మీటరు రెండున్నర శాతం ఎక్కువ తిరిగితే, హామీలో 12,500 కిలోమీటర్లు రోడ్డెక్కకుండానే కరిగిపోతాయి. టైరు అంకె సరిగ్గా ఉందో లేదో ఏటా చూపించుకోండి.

రెండోది, కరెంటు ఎక్కడ కొలిచారు? బండి తెర మీద కనిపించేది బ్యాటరీలోంచి ఖర్చయినది. మీరు డబ్బు కట్టేది చార్జరు మీటరుకి. కరెంటు మారేటప్పుడూ బ్యాటరీ వేడెక్కినప్పుడూ దారిలో కొంత పోతుంది. అది పదో వంతు దాకా ఉండవచ్చు. లాభనష్టాల లెక్క చార్జరు బిల్లుతోనే వేయాలి.

మూడోది, మీ దారిలో, మీ బరువుతో, పోనూ రానూ నడిపి చూడకుండా బయానా ఇవ్వకండి.

నాలుగోది, డ్రైవరుతో లెక్క చూసేటప్పుడు కిలోమీటరుకి ఎంత అని కాకుండా ట్రిప్పుకి ఎంత అని చూడండి. రోడ్డు పొడవు టైరుతో మారదు.

మావాడికి ఈ నెల బత్తా వచ్చింది. 1.19. పోయిన రెండు నెలలదీ మాత్రం రాలేదు. లెక్కలు మూసేశామన్నారు. దానికి మావాడేమీ బాధపడలేదు. మేనేజరు గారు డ్రైవర్లందరినీ పిలిచి, "తప్పు ఈయనది కాదు, మా లెక్కది" అని వాళ్లందరి ముందూ చెప్పారట. అది చెప్పడానికే మొన్న ఆదివారం మళ్లీ వచ్చాడు. ఈసారి కాఫీ తాగాడు, టిఫినూ తిన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మామా, ఆ పురికొస ఇట్లా ఇయ్యి. బండిలోనే పెట్టుకుంటా" అని అడిగి పట్టుకుపోయాడు.